నా బదులు వెళ్లిన డాక్టరు

ఆ ఏడాది మా దవాఖానకు ఒక్కటే సీటు వచ్చింది. క్యాన్సర్ రోగుల గుండెను చూసుకోవడంలో ఏడాది శిక్షణ, హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రిలో. జిల్లాల్లో పనిచేసే డాక్టర్లకు అలాంటి అవకాశం రావడం అరుదు. సూపరింటెండెంటు గారు మమ్మల్నిద్దరినీ తన గదిలోకి పిలిచి, ఆ ఉత్తరాన్ని బల్ల మీద మా మధ్యలో పెట్టారు.

"ఒక్కరి పేరే పంపాలె. ఎవరు పోతరో మీరే మాట్లాడుకొని చెప్పుండ్రి. నన్ను మాత్రం నడుమల పెట్టకుండ్రి" అన్నారు.

మేమిద్దరం అంటే నేనూ, నా స్నేహితురాలూ. ఇద్దరం జనరల్ మెడిసిన్ చదివినవాళ్లం. నాది మెదక్ పట్టణమే. ఆమెది శివ్వంపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. నా తర్వాత ఎనిమిది నెలలకు ఉద్యోగంలో చేరింది. నాలుగేళ్లు ఒకే ఓపీ గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం. మధ్యాహ్నం నా డబ్బా మూత ఆమె తీసేది, ఆమెది నేను తీసేదాన్ని. అడగడమనేది ఉండేది కాదు.

ఆ శిక్షణ నాకు ఎందుకు కావాలో చెప్పాలి. అంతకు ముందు సంవత్సరం హవేలిఘనపూర్ నుంచి ఒకామె ఆయాసంతో వచ్చింది. నాట్లకు పోయే మనిషి. రక్తం తక్కువుందని మాత్రలు రాశాను. మళ్లీ వచ్చింది, దమ్ము, ఉబ్బసమేమో అనుకుని ఇంకో మందు రాశాను. మూడోసారి మంచం మీద తీసుకొచ్చారు. అప్పుడు ఆమె భర్త చెప్పాడు, రెండేళ్ల కింద రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాదు పట్నంలో 'ఎర్ర మందు' ఎక్కించారని. క్యాన్సర్‌ను చంపే ఆ మందు కొందరిలో గుండె కండరాన్ని కూడా మెల్లగా బలహీనం చేస్తుంది. పుస్తకంలో చదివిన సంగతే. కానీ నేను అడగలేదు. ఆమె దక్కలేదు. తర్వాత చాలా రోజులు, ఆయాసమని ఎవరు వచ్చినా ముందు పాత జబ్బులన్నీ అడిగేదాన్ని, అవసరం ఉన్నా లేకపోయినా.

అందుకని ఆ ఉత్తరం చూడగానే నా చెయ్యి ముందుకు పోయింది. నా స్నేహితురాలు కూడా అదే అంది. "ఫస్ట్ నువ్వే పోవాలె. నువ్వు నా కన్న సీనియర్ గదా."

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్నప్పుడు మాత్రం, నాలుగేళ్లలో ఎన్నడూ చెప్పని మాట చెప్పింది. వాళ్లమ్మ పోయింది క్యాన్సర్‌తో కాదట. క్యాన్సర్ నయమైందని స్వీట్లు పంచిన ఏడాదికి, కాళ్లు ఉబ్బి, పండుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే పోయిందట. "గప్పుడు నేను ఎంబీబీఎస్ సెకండియర్. నా కండ్ల ముందటనే గుండె ఆగిపోతాంటే నాకు సమజ్ కాలే" అంది. అంటూ గ్లాసును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఓదార్చి ఊరుకునేదాన్నేమో.

"నువ్వే పో" అన్నాను.

"నువ్వు?"

"ఏడాదే గదనే. నువ్వు నేర్చుకొని రా. ఈడ మనమిద్దరం కలిసి ఒక గది పెడదం. నువ్వు నాకు నేర్పియ్యి."

"ఒట్టు. నేర్చుకున్నదంత తెచ్చి నీ ముందట పెడత" అంది.

నా త్యాగం గురించి ఇప్పుడు గొప్పగా చెప్పుకోవడం లేదు. ఆ మాట అన్నాక నాలో ఏదో బరువు దిగినట్టయింది కూడా. మా పాప అప్పుడు రెండో తరగతి. మావారి ఉద్యోగం సంగారెడ్డిలో. ఏడాదిపాటు పట్నంలో గది తీసుకుని, నాకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని గుండె స్కానింగ్ నేర్చుకోవడమంటే లోపల భయంగానే ఉండేది. ఆమె కోసం వదులుకున్నానని నేను అనుకోవడం తేలికైంది.

ఆమె వెళ్లింది. ప్రతి ఆదివారం పొద్దున ఫోన్ చేసేది. నేను పొయ్యి మీద పప్పు పెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, పక్కన నోటుబుక్కు పెట్టుకునేదాన్ని. ఆ వారం నేర్చుకున్నదంతా చెప్పేది. ఏ మందు గుండెను ఎప్పుడు దెబ్బతీస్తుంది, కొన్ని వెంటనే, కొన్ని ఏళ్లకు. ఛాతీ ఎడమవైపు రేడియేషన్ పడితే ఏం చూడాలి. గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తాన్ని బయటికి తోస్తుందో చెప్పే అంకె పడిపోవడానికి ముందే, కండరం ఎలా అలిసిపోవడం మొదలుపెడుతుంది. "మా సార్ ఏమంటడో తెల్సా, క్యాన్సర్ డాక్టర్‌ను మందు ఆపమనుడు ఎవలకైనా వస్తదట. ఆపకుండ నడిపిచ్చుడు నేర్చుకోవాల్నట" అంది ఒకసారి. ఆ మాట నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీశాను.

నా వంతు పని నేను మొదలుపెట్టాను. దవాఖాన వెనక పాత ఎక్స్‌రే గది ఖాళీగా ఉండేది. విరిగిన స్ట్రెచర్లు, పాత కేసు కాగితాలు. సూపరింటెండెంటు గారిని అడిగి అవన్నీ తీయించి, సున్నం వేయించాను. గుండె స్కానింగ్ మిషన్ ఒకటి అంతకుముందే వచ్చి ఉంది, నడిపేవాళ్లు లేక గుడ్డ కప్పి ఉండేది. దాన్ని ఆ గదిలోకి చేర్పించాను.

ఒక పెద్ద రిజిస్టరు కూడా తయారుచేశాను. మెదక్ చుట్టుపక్కల క్యాన్సర్ వైద్యం చేయించుకున్నవాళ్ల పేర్లు, ఊరు, ఏ మందు ఎక్కించారు, ఎప్పుడు ఆపారు, ఫోన్ నంబరు. రేగోడ్ నుంచి, శివ్వంపేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాను. కొందరు క్యాన్సర్ అనే మాట పైకి చెప్పడానికే జంకేవాళ్లు. ఇంట్లో కోడళ్లకు కూడా చెప్పని ఒక పెద్దమనిషి నాకు చెప్పాడు. "మీరు అడిగిన్రు గావట్టి చెప్తున్న, ఎక్కడ బయటపెట్టకుండ్రి మేడం" అన్నాడు. పెట్టనన్నాను.

ప్రతి పేజీ నిండగానే ఫోటో తీసి నా స్నేహితురాలికి పంపేదాన్ని. 'మన లిస్టు' అనేది ఆమె. 'మన లిస్టు ఎంత దాకా వచ్చింది?' అని తనే అడిగేది.

ఆ లిస్టులో మొదటి పేజీలోనే మసీదు గల్లీలో ఉండే ఒక దర్జీ ఆమె ఉంది. స్కూలు యూనిఫారాలు కుట్టేది. మా పాప గౌన్లు కూడా ఆమే కుట్టింది. యాభై దాటిన మనిషి, అక్కా అన్నట్టు నేను ఆపా అని పిలిచేదాన్ని. రొమ్ము ఆపరేషన్ అయ్యాక మూడు వారాలకొకసారి పట్నం పోయి ఒక ఇంజెక్షన్ తీసుకునేది. ఆ ఇంజెక్షన్ నడిచినన్నాళ్లు మూడు నెలలకొకసారి గుండె స్కానింగ్ చేయించాలి. దానికి వేరే రోజు పోవాలి, వేరే క్యూ.

"మీ దోస్త్ వస్తది గదా మేడం, ఈడనే చేపించుకుంట. రెండు సార్లు పట్నం పోవుడంటే యూనిఫారాల పని ఆగిపోతది" అంది.

"ఆగొద్దు ఆపా. ఆడ్నే చేపించుకో" అన్నాను.

"ఇంక మూడు నెలలే అంటిరి గదా."

ఆ మాట నేనే అన్నాను. మళ్లీ ఒత్తిడి చేయలేదు. గది తెరిచాక మొదటి రోగి ఆమే అవుతుందని లోపల ఒక సంతోషం కూడా ఉండేది. ఆ సంతోషాన్ని ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

మెల్లగా ఆదివారం ఫోన్లు తగ్గాయి. పరీక్షలంది. తర్వాత సర్టిఫికెట్ రావాలంది. తర్వాత కాగితాలు డైరెక్టర్ ఆఫీసులో ఆగాయంది. నేను నమ్మాను. నమ్మడమని కూడా అనుకోలేదు, అందులో అనుమానించేది ఏముందని.

ఒక గురువారం ఆపా ఓపీకి వచ్చింది. బల్ల ముందు కూర్చోకముందే ఫోన్ చూపించింది. "మేడం, హైదరాబాద్ దవాఖానోళ్లు ఫోన్ చేసిన్రు. మెదక్ మేడమే మీ నంబర్ ఇచ్చింది అన్నరు. ఆదివారం ఫంక్షన్ హాల్ల క్యాంపు ఉందట, గుండె పరీక్ష ఫ్రీ అట. పెద్ద డాక్టరమ్మ వస్తదట. మీ దోస్తే గదా?"

నాకు నవ్వు వచ్చింది. చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరచాలనుకుందేమో అనుకున్నాను. "గామెనే అయ్యుంటది ఆపా. పోదం, నేను గూడ వస్త" అన్నాను. ఆ రోజు ఇంకో నలుగురు అదే ఫోన్ సంగతి అడిగారు. నలుగురికీ వెళ్లమని నేనే చెప్పాను.

సాయంత్రం ఇంటికి పోతుంటే చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టి ఉంది. తెల్లకోటులో ఆమె ఫోటో, నవ్వుతూ. పైన ఒక కార్పొరేట్ ఆసుపత్రి పేరు. కింద, 'క్యాన్సర్ రోగుల గుండె వైద్య నిపుణురాలు'. స్కూటీ ఆపి రెండుసార్లు చదివాను. ఫోన్ చేశాను, ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది: 'వచ్చినంక మాట్లాడత.'

మర్నాడు సూపరింటెండెంటు గారి గదికి పోయాను. ఆయన నన్ను వింతగా చూశారు. "నీకు ఎరుక లేదా? రాజీనామా ఇచ్చి నెల దాటింది. ట్రైనింగ్‌కు పోయేటప్పుడు రాసిచ్చిన బాండ్ పైసలు ఆ కార్పొరేట్ దవాఖానోళ్లే కట్టిన్రు. నీకు చెప్పే చేసిందనుకున్న. మీరిద్దరు ఒకటేనాయె."

పాత ఎక్స్‌రే గది తాళంచెవి అప్పటికి నా దగ్గరే ఉంది. ఆయన దాన్ని తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

ఆదివారం ఆపాతో కలిసి ఫంక్షన్ హాలుకు పోయాను. పెళ్లిళ్లలో వధూవరులు కూర్చునే చోట పరదాలు కట్టి పరీక్షల గదులు చేశారు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. చాలా ముఖాలు నా రిజిస్టరులోవి. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి అందరికీ రంగుల కరపత్రం ఇస్తోంది. తీసుకుని చదివాను. 'మా అమ్మను క్యాన్సర్ తీసుకుపోలేదు' అని మొదలైంది. స్వీట్లు పంచడం, కాళ్లు ఉబ్బడం, గోడకు ఆనుకుని కూర్చోవడం, అన్నీ ఉన్నాయి. క్యాంటీన్‌లో గ్లాసు పట్టుకుని నాకు చెప్పిన మాటలే, దాదాపు అదే వరుసలో. కింద అపాయింట్‌మెంటు నంబరు.

అది అబద్ధం కాదని నాకు తెలుసు. ఆ తల్లి అలాగే పోయింది. అయినా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో తోసేశాను. నాకొక్కదానికే చెప్పిందనుకున్న మాట. ఆ మాట కోసమే నేను వదులుకున్నాను.

ఆపా వంతు వచ్చింది. పరదా లోపలికి నేనూ పోయాను. నా స్నేహితురాలు తలెత్తి చూసి, "రా, కూసో" అంది. తర్వాత పని మొదలుపెట్టింది. ఎంత బాగా చేసిందో చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆపాను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, చేతిలోని స్కానింగ్ ప్రోబును పక్కటెముకల మధ్య మెత్తగా ఆనించి, తెర మీద గుండెను ఎటు కావాలంటే అటు చూపించింది. తొందరలేదు. చెయ్యి వణకలేదు. నేను నేర్చుకోవాలనుకున్నది అదే.

తెర మీద అంకె నలభై రెండు. ఆపరేషన్‌కు ముందు ఆపా గుండె అంకె అరవై.

"కాళ్లు ఉబ్బుతున్నయా ఆపా?" అడిగింది.

"పొద్దుగూకితే జర. మిషన్ ఎక్కువ తొక్కుతా గావట్టి అనుకున్న."

"ఇంజెక్షన్ కొన్ని రోజులు ఆపుదం. మీ క్యాన్సర్ డాక్టర్‌తోని నేను మాట్లాడుత. గుండెకు మాత్రలు రాస్తున్న, రోజు వేసుకోవాలె. పరేషాన్ గాకుండ్రి, ఇది మళ్లీ సక్కగైతది. నడుమల పరీక్షలెందుకు చేపించుకోలే?"

ఆపా నా వైపు చూసింది. "గీడనే గది పెడుతున్నరంటే ఆగిన" అంది.

నా స్నేహితురాలు తల దించుకుని మందుల చీటీ రాసింది. ఆపా బయటికి వెళ్లాక, తర్వాతి మనిషిని ఆపమని నర్సుకు చెప్పింది.

"కోపానికొచ్చినవా?" అంది.

"ఎప్పుడు అనుకున్నవ్, రావొద్దని?"

"ఎప్పుడంటే ఏం చెప్తమే..."

"చెప్పు."

"నాలుగో నెల. వాళ్లే అడిగిన్రు."

నాలుగో నెల నుంచి నేను లెక్క వేసుకున్నాను. ఎన్ని ఆదివారాలు. గదికి సున్నం వేయించానని చెప్పిన రోజు, 'ఏ కలర్?' అని అడిగింది. అప్పటికే రానని ఆమెకు తెలుసు.

"మరి ఫోన్లెందుకు చేసినవే గన్ని రోజులు?"

"చెప్పబుద్ధి గాలే. నువ్వు గంత సంబురంగ చెప్తుంటే ఎట్ల చెప్పాలె?" అంది. తర్వాత గొంతు కొంచెం పెంచింది. "ఈడికొచ్చి ఏం చేస్తుంటినే? ఆ మిషన్‌ల అసలు సూడాల్సింది కనపడనే కనపడది. టెక్నీషియన్ లేడు. ఆర్నెల్లకు నన్ను ఇంకేదో పీహెచ్‌సీకి డిప్యుటేషన్ అంటరు. ఆడ రోజూ చేస్తున్న, నేర్చుకున్నది చేతుల ఉంటది."

"నా లిస్టు వాళ్లకు ఇచ్చినవ్."

"మన లిస్టు. పేషెంట్లకు పరీక్షలైతయనే ఇచ్చిన. రిజిస్టర్ల పెట్టుకొని సూసుకోనీకా? ఇయ్యాల ఆపా జబ్బు దొరికిందా లేదా?"

దొరికింది. ఆమె చెప్పినదాంట్లో చాలావరకు నిజమే. కానీ నేను అడిగినదానికి అది జవాబు కాదు. "నన్ను ఒక్క మాట అడిగితే ఇద్దునేమో గదనే" అన్నాను. నర్సు పరదా పక్కకు జరిపి చూస్తోంది. లేచి వచ్చేశాను.

ఆపాను ఇంటి దగ్గర దించాను. స్కూటీ దిగి, చీటీ సంచిలో పెట్టుకుంటూ అడిగింది. "ఆమెను సదువుకు మీరే పంపిన్రంట గదా మేడం?"

"అవును."

"మంచిగ సదివింది." సంచి భుజానికి వేసుకుంది. "మీరెందుకు పోలే?"

పాప చిన్నదని అన్నాను. ఆపా తల ఊపింది. ఆమె నలుగురు పిల్లల తల్లి. నమ్మలేదని నాకు తెలిసింది.

తర్వాతి వారాలు అంతకంటే కష్టంగా గడిచాయి. క్యాంపు అయ్యాక ఆ ఆసుపత్రి నుంచి ఫోన్లు ఆగలేదు. ప్యాకేజీ అని, ఆఫర్ అని. ఇంట్లో చెప్పొద్దన్న పెద్దమనిషికి చేస్తే కోడలు ఎత్తిందట. ఆయన రేగోడ్ నుంచి బస్సెక్కి వచ్చి, ఓపీలో అందరి ముందు నిలబడ్డాడు. అరవలేదు. "మిమ్ముల నమ్మి చెప్పిన. మా నంబర్లు ఎవలకో ఇచ్చిన్రు" అన్నాడు.

నేనివ్వలేదని చెప్పవచ్చు. కానీ పేజీలు ఫోటోలు తీసి పంపింది నేనే. "నాది తప్పే. మాఫ్ చేయుండ్రి" అన్నాను. ఆయన చీటీ రాయించుకోకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ రోజే, ఓపీ అయిపోగానే రిజిస్టరు ముందు వేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. నంబరు నా వల్లనే బయటికి పోయిందని చెప్పాను. వారం పట్టింది. కొందరు పోనీలే అన్నారు. కొందరు మాట మధ్యలో ఫోన్ పెట్టేశారు. ఒకామె మాత్రం, "గా డాక్టరమ్మ మంచిగనే సూసింది మేడం, మీకేమైంది?" అని అడిగింది. ఆమె పేరు పక్కన టిక్కు పెట్టి తర్వాతి నంబరు నొక్కాను.

మరుసటి ఏడు ఆ శిక్షణకు సీటు రాలేదు. వస్తుందని సంవత్సరమంతా ఎదురుచూడలేదు కూడా. నాకున్న సెలవులన్నీ కలిపి, నాలుగు నెలలు పట్నంలోని ఒక హాస్టల్లో ఉండి గుండె స్కానింగ్ నేర్చుకున్నాను. అనుకున్నట్టే నా పక్కన అందరూ చిన్నవాళ్లు. మొదటి నెలంతా గుండె ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరిపోయింది. ఒక పిల్ల డాక్టరు నా మణికట్టు పట్టుకుని తిప్పి, "గిట్ల వంచుండ్రి మేడం, గప్పుడు దొరుకుతది" అని చూపించింది. పాప మా అత్తమ్మ దగ్గర బాగానే ఉంది. భయపడినదేదీ జరగలేదు. అది తెలిసినప్పుడు నా స్నేహితురాలి మీద కోపం తగ్గాలి. తగ్గలేదు. నా మీద కోపం దాని పక్కకు వచ్చి చేరింది, అంతే.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు ఆ గది తెరుస్తున్నాను. నేను ఆ నిపుణురాలిని కాను. మిషన్‌లో కనిపించనివి నిజంగానే కనిపించవు. కనిపించినంత చూసి, అనుమానం ఉన్నవాళ్లను పట్నం పంపిస్తాను. ఆపా గుండె ఐదు నెలలకు యాభై నాలుగుకు వచ్చింది. ఇంజెక్షన్లు మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశారు. మాత్రలు ఇంకా వేసుకుంటోంది. యూనిఫారాల సీజనులో కూతురి చేత మిషన్ తొక్కిస్తోంది. పరీక్షకు చెప్పిన రోజుకే వస్తుంది, కానీ మునుపటిలా కబుర్లు చెప్పదు.

పోయిన నెల ఆపా పరీక్ష అయ్యాక, నర్సాపూర్ వైపు నుంచి ఒక ముసలాయన ఒక కవరు పట్టుకుని వచ్చాడు. ఆ కార్పొరేట్ ఆసుపత్రి కవరు. లోపల టైపు చేసిన ఉత్తరం. 'గౌరవనీయులైన డాక్టరు గారికి, ఈ రోగికి ఇకపై మూడు నెలలకొకసారి పరీక్షలు మీ వద్దనే చేయగలరని కోరుతున్నాను.' కింద ఆమె సంతకం. ఓపీలో ఎదురు బల్ల మీద నాలుగేళ్లు చూసిన సంతకమే.

"గా మేడం మీ పేరే చెప్పింది. దగ్గర పడుతది, మంచిగ సూస్తది అన్నది" అన్నాడు ముసలాయన.

ఆయన్ను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి పరీక్ష చేశాను. గుండె బాగానే ఉంది. రిపోర్టు రాసి, 'గౌరవనీయులైన డాక్టరు గారికి' అని పైన పెట్టి, కింద సంతకం చేశాను. కొంచెం జాగా మిగిలింది. ఏదైనా రాద్దామా అని పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. ముసలాయన బస్సుకు టైమైతుందన్నాడు. కాగితం మడిచి ఆయన చేతికిచ్చాను.